బోణీకి పోయిన తుపాకీ

ఆ మీసాలాయన గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండిపోతుంది. సంగతి మొత్తం చెబుతాను. మండాల్సింది అతని మీదో నా మీదో మీరే తేల్చండి. నా వల్ల కాలేదు.

ఎనభైల మొదట్లో ఒహాయోలో మేమున్న ఊళ్ళో ఫ్యాక్టరీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. మా ఆయన ఇంజనీరు. ఒక శుక్రవారం మధ్యాహ్నం పిలిచి, సొరుగులో సామాన్లు అట్టపెట్టెలో సర్దుకుని వెళ్ళమన్నారు. ఏడేళ్ళ చాకిరీకి ఒక అట్టపెట్టె! ఆయన వంటింటి బల్ల మీద అప్లికేషన్లు టైప్ చేస్తూ కూర్చుంటే నేను కుట్టుమిషను ముందేసుకున్నాను.

ఎదురింట్లో ఒక అమెరికన్ పెద్దావిడ ఉండేది. భర్త పోయి అప్పటికి రెండేళ్ళు. నా కుట్టు చూసి, "గన్ షోలో తుపాకీ తొడుగులకి గిరాకీ ఉంటుంది, కుట్టగలవా?" అని అడిగింది. దిండుకి గలీబు కుట్టేదాన్ని తుపాకీకి కుట్టలేనా? మందపాటి కాన్వాసు తెచ్చి, లోపల దూది పొర వేసి, ఒక పక్క జిప్పు పెట్టి ఇరవై రెండు కుట్టాను.

ఆవిడకీ అమ్మవలసింది ఒకటుంది, భర్త వేట తుపాకీ. ఆయన ఏటా నవంబరులో దానితోనే జింకల వేటకి వెళ్ళేవాడట. ఆ శీతాకాలం ఆవిడ ఇంట్లో వేడి గాలి ఇచ్చే ఫర్నేస్ చెడిపోయింది. కోటు వేసుకుని పడుకుంటోంది. బాగుచేసే మనిషి సోమవారం వస్తానన్నాడు. శనివారం తుపాకీ అమ్మితే సోమవారం ఇల్లు వెచ్చబడుతుంది. ఇదీ లెక్క.

గన్ షో అంటే ఏదో అనుకున్నాను. తీరా చూస్తే మా చీరాల సంతే. పశువుల ప్రదర్శన జరిగే పెద్ద రేకుల షెడ్డులో వరసగా బల్లలు, బల్లల మీద తుపాకులు, మధ్యమధ్య ఎండబెట్టిన మాంసం ముక్కల పొట్లాలు. గుమ్మంలో పోలీసాయన తుపాకీలో గుళ్ళు లేవని చూసి ప్లాస్టిక్ తాడుతో బిగించి కట్టాడు. లోపల కొనేవాళ్ళ కంటే అమ్మేవాళ్ళే ఎక్కువ. బల్లకి అద్దె కట్టలేని వాళ్ళు తుపాకీ భుజాన వేసుకుని, గొట్టంలో పుల్ల గుచ్చి, ఆ పుల్లకి ధర రాసిన కాగితం తగిలించుకుని తిరుగుతున్నారు. మా ఆయనతో పాటు పని పోయినవాళ్ళు నలుగురు కనబడ్డారు. నన్ను చూసి తలలు పక్కకి తిప్పుకున్నారు. సిగ్గుపడాల్సింది వాళ్ళా? ఆ అట్టపెట్టెలు పంచినవాళ్ళు ఆ వేళ ఎక్కడున్నారో!

పెద్దావిడ తుపాకీని మేం అద్దెకి తీసుకున్న బల్ల మీద పెట్టి, దాని చెక్క మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. తర్వాత నాతో, "రెండు వందల డాలర్లు చెప్పు. కాస్త అటూ ఇటూ అయితే నీ ఇష్టం. నేను చూడలేను" అని బయట తన ట్రక్కులో కూర్చోవడానికి వెళ్ళిపోయింది.

అప్పుడు వచ్చాడు ఆ మీసాలాయన. తోలు కోటు, మెడలో కళ్ళజోడు. తుపాకీ ఎత్తి చూశాడు, దించాడు. "నూట ముప్ఫై" అన్నాడు. నేను రెండు వందలన్నాను. నవ్వి, వెనక్కి తిరిగి నడిచాడు.

ఇక్కడే నా బుద్ధి గడ్డి తింది. మాది చీరాలలో బట్టల కొట్టు. ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే కుటుంబమే మాది. అయినా కొట్టు తలుపు తీశాక మా నాన్న దేవుడితో పాటు బోణీని కూడా నమ్మేవాడు. "బోణీ బేరాన్ని తిప్పి పంపితే ఆ రోజంతా ఈగలు తోలుకోవడమేనమ్మా" అనేవాడు. మొదట వచ్చిన మనిషి ఉత్త చేతులతో పోతే నా ఇరవై రెండు గలీబులూ ఇంటికి తిరిగి రావడమే! ఇరవై రెండు! "అయ్యా, ఆగండి" అని కేకేశాను. నూట నలభైకి ఇచ్చేశాను. ఇచ్చి, ఆ నోట్లని కళ్ళకద్దుకున్నాను కూడా. నా గలీబుల బోణీ కోసం పరాయి మనిషి తుపాకీ.

పావుగంటలో చూద్దును కదా, నాలుగు బల్లల అవతల అతని బల్ల. దాని మీద మా తుపాకీ. గొట్టంలో పుల్ల, పుల్లకి కాగితం, కాగితం మీద రెండు వందల డెబ్భై అయిదు. వాడి దుంపతెగ! పని పోయినవాళ్ళూ, మొగుడు పోయినవాళ్ళూ వస్తారని పొద్దున్నే కాచుక్కూర్చుని ఊరి మీద పడి దోచుకుంటున్నాడు. కడుపు మండిపోయింది. నా బల్ల నా బల్లగా వదిలేసి, చీర మీద మా ఆయన కోటు బిగించుకుని, వెళ్ళి అతని బల్ల పక్కన నిలబడ్డాను.

ఎవరైనా ఆ తుపాకీ చేతిలోకి తీసుకుంటే చాలు, "పొద్దున్న నా దగ్గర నూట నలభైకి కొన్నాడు" అని చెప్పడం మొదలుపెట్టాను. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే కానీ అంకెలు స్పష్టంగానే వచ్చు. తీసుకున్నవాళ్ళు దించేసి పోయేవాళ్ళు.

"చూడమ్మా, నేను నిన్ను బలవంతం చేశానా?" అన్నాడు.

"చెయ్యలేదు."

"అబద్ధం చెప్పానా?"

"లేదు. నేనూ అబద్ధం చెప్పడం లేదు. ఎంతకి కొన్నావో అంతే చెబుతున్నాను."

పోలీసాయన్ని పిలిచాడు. ఆయన ఇద్దరి మాటా విని, నిలబడటం నేరం కాదని చెప్పి కాఫీకి వెళ్ళాడు. కాళ్ళు పీకుతున్నాయి. ఆకలేస్తోంది. పట్టుదల మాత్రం దిగలేదు. సాయంత్రం నాలుగింటికి, సర్దుకునే వేళకి, అతను తుపాకీ నా చేతిలో పెట్టి, "నా నూట నలభై నాకివ్వు, నీకో దండం" అన్నట్టు చెయ్యి చాపాడు. ఇచ్చాను. ఆ రోజు నా గలీబులు ఒక్కటీ అమ్ముడుపోలేదు. బల్ల దగ్గర నేనుంటే కదా!

అయినా రాజ్యం గెలిచినంత గర్వంగా ట్రక్కు దగ్గరికి వెళ్ళాను. పెద్దావిడ చేతిలో తుపాకీ పెట్టి మొత్తం చెప్పాను. బోణీ అంటే ఏమిటో, నోట్లు కళ్ళకెందుకు అద్దుకున్నానో, అతని నోరు ఎలా మూయించానో అన్నీ చెప్పాను. ఆవిడ అద్దంలోంచి ఎదురుగా చూస్తూ విన్నది.

"అంటే పొద్దున్న నీ చేతికి నూట నలభై వచ్చింది."

"వచ్చింది. వాడి మొహాన కొట్టాను."

"ఫర్నేస్ మనిషి నూట ముప్ఫై చెప్పాడు" అంది.

ఆవిడ ఇంజన్ స్టార్ట్ చేసి, తుపాకీని మా ఇద్దరి మధ్యా నిలబెట్టింది.

"పొద్దున్న దీని దగ్గర సెలవు తీసుకున్నాను. ఎలా తీసుకున్నానో నాకు తెలుసు. ఇప్పుడు మళ్ళీ తీసుకోమంటావు. నన్నొక్క మాట అడగాల్సింది. నేనిక్కడే ఉన్నాను కదా, రోజంతా."

ఆ రాత్రి మా ఆయనకి చెబితే, "నీ కోపం తీరిందా?" అని మాత్రం అడిగారు. ఆయన మీద కూడా అరిచాను. సోమవారం ఎదురింటి ముందు ఏ బండీ ఆగలేదు. మా ఇంట్లోకి వచ్చి పడుకోమని బతిమాలాను. రానంది. కిటికీలోంచి చూస్తే ఇంట్లో కోటు వేసుకుని తిరుగుతూ కనిపించేది. నెల రోజులు అలా చూశాను. ఆ నెల రోజులూ ఆ మీసాలాయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను, ఎందుకంటే ఆ తిట్టడం ఆపితే మిగిలేది నేనే.

మళ్ళీ నెల గన్ షోకి ఆవిడే బల్ల దగ్గర కూర్చుంది. నన్ను గలీబులతో పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ నెలలో ఇంకో ఫ్యాక్టరీ మూతపడింది. పుల్లలు తగిలించుకున్న తుపాకులు రెట్టింపయ్యాయి. మొదటి బేరం అతనే. అదే కోటు, అవే మీసాలు. నన్ను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ఆవిడతో, "నూట పది. ఈ నెల అంతకంటే ఇవ్వలేను" అన్నాడు.

నా నాలుక దాకా వచ్చింది. ఆవిడ బల్ల కింద నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుంది. నోరు మూసుకున్నాను. తుపాకీ ఇచ్చేసింది, ఈసారి చెక్క మీద చెయ్యి వెయ్యకుండానే.

అతను వెళ్ళాక నోట్లు లెక్కపెట్టి నా వైపు తిరిగింది.

"ఇలాగేనా?" అని అడిగి, ఆ నూట పదీ కళ్ళకద్దుకుంది.