అక్కకు ఎక్కించిన తొమ్మిదేళ్లు

కువైట్‌కు వెళ్లేటప్పుడు మా అక్క వయసు ఇరవై మూడు. పాస్‌పోర్టులో ముప్పై రెండు. ఆ తొమ్మిదేళ్లు ఎక్కించింది నేనే.

ముప్పై నిండని ఆడవాళ్లను ఇంటిపనికి పంపకూడదని అప్పట్లో మన గవర్నమెంటు రూలు. ఆడవాళ్లను కాపాడటానికట. మా జమ్మలమడుగు పక్కన ఆ రూలు వల్ల ఆగిపోయిన మనిషి నాకు తెలిసి ఒక్కరూ లేరు. అందరికీ ఉన్నట్టుండి ముప్పై నిండాయి. ఏజెంటు పాస్‌పోర్టు ఫారం తెచ్చి మా వసారాలో కూర్చుని, "ముప్పై రెండని రాయి పాపా, ఎవురూ అడగరు" అన్నాడు. నేనప్పుడు తొమ్మిదో తరగతి. ఇంట్లో రాయడం వచ్చింది నాకొక్కదానికే, ఆ గీర కాస్త ఉండేది. గుండ్రంగా రాసిచ్చాను. అక్కకు చదువు రాదు. వేలిముద్ర వేసింది.

ఇరవై ఎనిమిదేళ్లు అక్కడ ఇంటిపని చేసింది. పిల్లల పెళ్లిళ్లు, బావ ఆపరేషను, అన్నీ ఆ పనితోనే గడిచాయి. ఈ మధ్య అక్కడ రూళ్లు గట్టిచేశారు. అరవై నిండినవాళ్లకు అకామా, అంటే అక్కడ ఉండనిచ్చే కాగితం, మళ్లీ ఇవ్వడం కష్టమైంది. పాస్‌పోర్టు ప్రకారం అక్కకు అరవై. బియ్యం మూట ఒంటిచేత్తో లేపే మనిషిని ముసలిదని పంపేశారు.

బావకు షుగరు, పనికి పోలేడు. ఇల్లు గడవాలి. వృద్ధాప్య పింఛనుకు పెడదామని అక్కను ఊరి సచివాలయానికి తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి ఆధార్ చూసి, "యాభై ఒకటే గదమ్మా, ఇంగా తొమ్మిదేండ్లు ఆగల్ల" అంది. ఆధార్ అక్క సెలవుకొచ్చినప్పుడు తీయించుకున్నది. రేషన్ కార్డులోని అసలు వయసే అందులో పడింది. అక్కడికి ముసలిదైపోయింది, ఇక్కడికి వయసు చాల్లేదు. నాకు ఒళ్లు మండింది, ఎక్కువగా నా మీద నాకే.

పాస్‌పోర్టులో అరవై ఉందని నోరు జారాను. "అయితే అది పెట్టి ఆధార్ మార్పించుకోండి" అంటూ ఆ అమ్మాయి ఫారం ఇచ్చింది. పెన్ను తీశాను. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు మే. అరవై అని రాస్తే బళ్లో వంటపనికి గూడా పెట్టుకోరు. నాకింగా సత్తువుంది. ఈడన్నా నా వయసు నన్ను బతకనీ."

ఫారం అక్కడే పెట్టేసి వచ్చాం. వారం తిరక్కుండా, ప్రొద్దుటూరులో నేనుండే వీధి బడికి మధ్యాహ్న భోజనం వండే మనిషి కావాలని తెలిసింది. అర్జీ రాయడానికి కూర్చున్నాను. వయసు దగ్గర యాభై ఒకటి వేశాను. అక్క కాగితం మీదికి వంగింది.

"ఎంత రాసినావో చదువు."

చదివాను.

"ఇంగొగసారి చదువు."

మళ్లీ చదివాను. ఇరవై ఎనిమిదేళ్ల కిందట అక్క ఆ మాట అడగలేదు. అప్పుడు నన్ను నమ్మింది.