డ్రమ్మును నిద్రలేపే అవ్వ

శేరిగూడ దాటాక రోడ్డు పక్కనే ఉండేది ఆ అవ్వ పశువుల కొట్టం. గోబర్ గ్యాస్ గుంత మీద తేలే ఇనుప డ్రమ్మును రోజూ పొద్దున్నే బర్రె వీపు తట్టినట్టు తట్టి, "లేసినవా బిడ్డా?" అని అడిగేది. గ్యాసు నిండి డ్రమ్ము పైకి లేచి ఉంటేనే పొయ్యి ముట్టించేది. బర్రెలను చూడటానికి నేను ఎప్పుడు వెళ్ళినా ఆ పొయ్యి మీదే చాయ్ పెట్టి ఇచ్చేది.

ఒకసారి ఆమె మూడు బర్రెలకూ పొదుగు వాపు వచ్చింది. ఇబ్రహీంపట్నం పశువుల దవాఖాన నుంచి రోజూ వెళ్ళి నేనే సూదులు వేశాను. మందు ఒంట్లోంచి పోయేదాకా పాలు ఎవరికీ పోయొద్దని, దూడలకు కూడా తాపొద్దని గట్టిగా చెప్పాను. గుంత సంగతి చెప్పలేదు. అది నాకే గుర్తు రాలేదు.

కొన్నాళ్లకు వెళితే బర్రెలు బాగున్నాయి. డ్రమ్ము మాత్రం గుంతలోకి దిగిపోయింది. పొయ్యి మండటం లేదు.

"ఆ పాలేం చేసినవ్ అవ్వా?"

"పాలు నేల మీద పారబోస్తే పాపం గద సారూ. పేడల కలిపి గీ గుంతకే తాపిన. ఇది గూడ మా ఇంటి పశువే గద."

నేను వేసిన మందే పాలలోకీ పేడలోకీ దిగిందని, గుంతలో గ్యాసు పుట్టించే సూక్ష్మజీవులను అదే చంపిందని చెప్పాను. అవ్వ ఎంత విన్నదో తెలియదు. డ్రమ్మును తడుతూనే ఉంది. చివరికి నా సంచీ వైపు చూసింది.

"బర్రెలను లేపినవ్ గద సారూ. దీనికి గూడ ఒక్క సూది ఇయ్యరాదు?"