మలుపులో బ్రేక్

"—టర్న్ తిప్పేటప్పుడు కాదు డాడీ, దానికి ముందే! స్ట్రెయిట్‌గా ఉన్నప్పుడే స్లో చేయాలి. మిస్టర్ కెల్లర్ ఎన్నిసార్లు చెప్పాడో తెలుసా?"

"మీ డ్రైవింగ్ క్లాసు మిస్టర్ కెల్లర్‌కేం, స్కూలు వాళ్ళ కారు. ఇది నా కారు. జారుతోందనిపిస్తే కాలు బ్రేక్ మీద ఉండాలి, అంతే."

"అందుకే జారింది!"

"నువ్వు లేటుగా తొక్కావు కాబట్టి జారింది. పైగా ఎదురు సమాధానం."

గరాజ్ తలుపు తెరుచుకుని లక్ష్మీపతి, వెనకే దేదీప్య లోపలికి వచ్చారు. పొయ్యి దగ్గరున్న ఛాయాదేవి వెనక్కి తిరక్కుండానే, "బూట్లు అక్కడే విప్పండి. ఇల్లంతా మంచు కరగడానికి రోడ్డు మీద చల్లిన ఉప్పే," అంది.

లక్ష్మీపతి ఒంటికాలి మీద నిలబడి బూటు లాగుతూ, "నీ కూతురికి కాస్త చెప్పు ఛాయా. మలుపులో ఏమవుతుందో నీకు తెలుసుగా," అన్నాడు.

"తెలుసు," అంది ఛాయాదేవి. చారులో పోపు వేసి మూత పెట్టింది.

షామ్‌బర్గ్ ఊరి తెలుగువాళ్ళలో ఛాయాదేవికి ఒక పేరుంది. స్నోలో కారు నడపలేని మనిషి. నవంబర్ నుంచి మార్చి దాకా ఆమెను ఎవరో ఒకరు దింపాలి. గుడికి పిలిచినా, పుట్టినరోజుకి పిలిచినా, "ఛాయని ఎవరు తీసుకొస్తున్నారు?" అనే ప్రశ్న ముందొస్తుంది. అడిగేవాళ్ళెవరూ దురుద్దేశంతో అడగరు.

ఆ పేరు పెళ్ళయి అమెరికా వచ్చిన రెండో చలికాలంలో వచ్చింది. అప్పటికి ఆమె చేతికి లైసెన్స్ వచ్చి కొన్ని వారాలే. లక్ష్మీపతి స్నేహితుడు రామమోహన్ ఇంట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళి మధ్యాహ్నం తిరిగొస్తున్నారు. ఆమె ఒళ్ళో ప్రసాదం గిన్నె ఉంది. కారు నడుపుతున్నది లక్ష్మీపతి. చెరువు పక్కన రోడ్డు కుడికి తిరిగే చోట, పైకి తడిలా కనిపించే పల్చటి ఐస్ ఉంది. అతను వచ్చిన స్పీడులోనే మలుపులోకి దిగి, సగం తిరిగాక భయపడి బ్రేక్ తొక్కాడు. స్టీరింగ్ కుడికే తిరిగి ఉంది, కారు మాత్రం నేరుగా పోయింది. ఎవరిదో మెయిల్‌బాక్స్‌ని, దాని వెనక కొంత కంచెని పడగొట్టి ఆగింది. ప్రసాదం డాష్‌బోర్డుకి అంటుకుంది.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఇంటాయన బయటికొచ్చి పోలీసుకి ఫోన్ చేశానని చెప్పి, చలికి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయాడు. లక్ష్మీపతి రామమోహన్‌కి ఫోన్ చేశాడు. ఆ ఏడు లక్ష్మీపతికి అప్పటికే స్పీడింగ్ టికెట్లున్నాయి. గ్రీన్ కార్డు ఫైలు కదులుతోంది. ఇంకో టికెట్ పడితే ఫైలు ఆగిపోతుందని ఆఫీసులో ఎవరో ఎవరితోనో అన్న మాట ఆ రోజుల్లో అందరి చెవినా పడి ఉంది. అది నిజమో కాదో ఒక్కరూ లాయర్ని అడగలేదు. ఫోన్ స్పీకర్‌లో రామమోహన్ గొంతు ఛాయాదేవికి స్పష్టంగా వినబడింది. "చెల్లెమ్మది కొత్త లైసెన్స్ కదా, క్లీన్ రికార్డు. ఆవిణ్ణి కూర్చోబెట్టు. ఏం కాదు."

ఆమె కారు చుట్టూ నడిచి వచ్చి డ్రైవర్ సీట్లో కూర్చుంది. సీటు అతని పొడుగుకి వెనక్కి జరిపి ఉంది. ఆమె పాదం బ్రేక్‌కి అందలేదు. పోలీసు ఆ సంగతి గమనించలేదు. లైసెన్స్ తీసుకుని చూసి, వంగి, కొత్తగా నేర్చుకున్నవాళ్ళతో మాట్లాడినట్టు ఓపిగ్గా చెప్పాడు. మలుపు రాకముందే, చక్రాలు నేరుగా ఉన్నప్పుడే స్పీడు తగ్గించుకోవాలి. మలుపులో బ్రేక్ జోలికి వెళ్ళొద్దు. టైర్లకున్న కాస్త పట్టు తిరగడానికే సరిపోతుంది, ఆగడానికి కూడా అడిగితే రెండూ పోతాయి. ఎటు వెళ్ళాలో అటే చూడాలి, గుద్దుకుంటామేమో అనుకున్న వైపు కాదు. జారినా చేతులు మెల్లగా కదలాలి. ఆమె ప్రతి మాటకీ తలూపుతూ శ్రద్ధగా విన్నది. పక్క సీట్లో లక్ష్మీపతి డాష్‌బోర్డు మీది రవ్వని టిష్యూతో తుడుస్తున్నాడు.

మొదటి ఏడు ఆ సంగతి ఎవరైనా కదిపితే లక్ష్మీపతి తల దించుకునేవాడు. మరుసటి ఏడు, "పోనీలెండి, కొత్త కదా పాపం," అనడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత అది పార్టీల్లో చెప్పే కథ అయింది. ఏడాదికేడాది అందులో కొత్త మాటలు చేరాయి. "నేను మొత్తుకుంటూనే ఉన్నా, తొక్కకు తొక్కకు అని. వింటేగా! ప్రసాదం ఎగిరొచ్చి నా మొహాన పడింది." అందరూ నవ్వేవాళ్ళు. ఛాయాదేవీ నవ్వేది. ఒకసారి అలాంటి పార్టీ నుంచి వస్తూ కారులో అడిగింది.

"మనిద్దరమే ఉన్నప్పుడైనా నిజం చెప్పుకోవచ్చు కదండీ."

"ఏం నిజం?"

"ఆ రోజు నడిపింది మీరు."

అతను ఆమె వైపు తిరిగి చూశాడు. కోపం లేదు, దాపరికం లేదు. నిజంగానే అర్థం కానట్టు చూశాడు. "నేను ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు నడిపాను. వచ్చేటప్పుడు ప్రాక్టీసు కావాలని నువ్వు తీసుకోలేదూ?" అన్నాడు.

ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఏటా మొదటి మంచు పడగానే అతను ఆమె తాళంచెవి తీసి తన డ్రాయరులో పెట్టేవాడు. "స్నోలో నువ్వొద్దు" అనేవాడు. నిజంగా ఆమె మీద బెంగతోనే అనేవాడు. ఇండియన్ గ్రోసరీ కౌంటర్లో చేరితే డిసెంబర్‌లో మానేయాల్సి వచ్చింది, వాళ్ళ షిఫ్టుకీ అతని ఆఫీసుకీ పొసగక. లైబ్రరీలో ఉద్యోగానికి పిలిచినప్పుడూ అంతే. ఇప్పుడు వీధి చివర ఎలిమెంటరీ స్కూల్లో టీచర్లకి సాయంగా, ఎయిడ్‌గా చేస్తోంది, నడిచి వెళ్ళొచ్చు కనక. బీఎస్సీ మేథ్స్ చదివిన మనిషి, లంచ్ టైమ్‌లో పిల్లల పాల డబ్బాలు తెరిచి ఇస్తుంది.

మధ్యలో ఒక చలికాలం లక్ష్మీపతి ప్రాజెక్ట్ పని మీద వేరే రాష్ట్రంలో అల్ఫారెట్టా వెళ్ళి ఉన్నాడు. అప్పుడు దేదీప్య కిండర్‌గార్టెన్. ఛాయాదేవి డ్రాయరులోంచి తాళంచెవి తీసింది. పిల్లని వెనక కూర్చోబెట్టుకుని ఆ చలికాలమంతా తనే నడిపింది, చెరువు పక్క మలుపు మీదుగా కూడా. మలుపుకి చాలా ముందే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, కారు దానంతట అది నెమ్మదించాక తిప్పేది. ఒక్కసారీ జారలేదు. అల్ఫారెట్టా నుంచి ఫోన్ వస్తే, "మీనా దింపుతోంది," అని చెప్పేది. మీనా రామమోహన్ భార్య. అతను తిరిగొచ్చే ముందు తాళంచెవి డ్రాయరులో పెట్టేసింది.

ఆదివారం పొద్దున లక్ష్మీపతి మళ్ళీ కూతుర్ని బయల్దేరదీశాడు. రాత్రి కురిసిన మంచుని ప్లౌ బండ్లు తోసేసి వెళ్ళాయి. రోడ్డు మీద గాజు పూసినట్టు పల్చటి పొర మిగిలింది. "నేనూ వస్తాను," అని ఛాయాదేవి వెనక సీట్లో కూర్చుంది.

"నువ్వెందుకు? భయపడతావు."

"భయపడితే కళ్ళు మూసుకుంటాలెండి."

దేదీప్య మొదటి రెండు వీధులూ బాగా నడిపింది. మాట్లాడకుండా, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి. మెయిన్ రోడ్డుకి ముందు వీధి కొంచెం పల్లంగా దిగి కుడికి తిరుగుతుంది. పిల్ల దూరం నుంచే కాలు తీసింది. కారు నెమ్మదించింది. స్టీరింగ్ మెల్లగా తిప్పింది. చక్రాలు చెప్పినట్టు వింటున్నాయి. ఛాయాదేవి గట్టిగా పట్టుకున్న సీటు అంచుని వదిలింది.

అప్పుడే ఎదురుగా ప్లౌ బండి వస్తూ కనిపించింది. అది దాని లేన్‌లోనే ఉంది.

"బ్రేక్! బ్రేక్ తొక్కు! దీపూ, బ్రేక్!" లక్ష్మీపతి అరిచాడు.

పిల్ల తొక్కింది. వెనక చక్రాలు పక్కకి లాగేశాయి. కారు అడ్డంగా తిరిగి అవతలి లేన్‌లోకి పోయింది. ప్లౌ బండి హారన్ కొడుతూ, ముందున్న ఇనుప పలక రోడ్డు మీద ఈడ్చుకుంటూ ఆగింది. దేదీప్య వైపు కిటికీకీ ఆ పలకకీ మధ్య ఒక మనిషి పట్టేంత దూరం ఉంది. ఛాయాదేవి వెనక నుంచి చెయ్యి చాచి కూతురి భుజం పట్టుకుంది.

"ఎంత గట్టిగా తొక్కావే!" లక్ష్మీపతి గొంతు కీచుగా వచ్చింది. "మెల్లగా తొక్కమన్నానా లేదా? దిగు. దిగి ఇటు రా. నేను నడుపుతా."

మధ్యాహ్నం భోజనానికి రామమోహన్, మీనా వచ్చారు. గుత్తివంకాయ కూర, చారు, మీనా తెచ్చిన గారెలు. దేదీప్య కంచంలో అన్నం కెలుకుతూ కూర్చుంది. లక్ష్మీపతి అప్పటికే పొద్దుటి సంగతిని కథ చేసేశాడు.

"ఇంకో అడుగు జారి ఉంటే ప్లౌ కింద ఉండేవాళ్ళం. నేను పక్కన ఉన్నాను కాబట్టి సరిపోయింది. అచ్చు వాళ్ళమ్మ పోలిక. ఆ రోజూ ఇంతే కదా, మొత్తుకుంటున్నా వినకుండా తొక్కడం."

రామమోహన్ నవ్వాడు. "అయితే చెల్లెమ్మా, మెయిల్‌బాక్స్ నుంచి ప్లౌ దాకా ప్రమోషన్ అన్నమాట. తల్లిని మించిన పిల్ల!"

"పాపం, భయపడింది, ఊరుకోండి," అంది మీనా, తనూ నవ్వుతూ.

"ఇట్స్ ఓకే ఆంటీ. ఇట్స్ జెనెటిక్," అంది దేదీప్య. తల ఎత్తలేదు. "నేను ఇంక డ్రైవ్ చేయను. మమ్మీకి ఇచ్చినట్టు నాకు కూడా ఎవరో ఒకరు రైడ్ ఇస్తారు."

"అదీ, బుద్ధిమంతురాలు," అన్నాడు లక్ష్మీపతి. "స్నోలో అస్సలొద్దు. సమ్మర్‌లో చూద్దాం."

ఛాయాదేవి వడ్డిస్తున్న చారు గరిటె గిన్నెలో పెట్టింది.

"దీపూ, నువ్వు పొద్దున సరిగ్గానే తిప్పావు. బ్రేక్ తొక్కనంతసేపూ కారు నీ మాట విన్నది. ఆ రోజు మలుపులో బ్రేక్ తొక్కింది కూడా నేను కాదు. కారు నడిపింది మీ డాడీ. పోలీసు వచ్చేలోగా నేను ఆ సీట్లోకి మారాను."

లక్ష్మీపతి మీనా వైపు తిరిగి, "చూశారా మీనా గారూ, కొత్త సినిమా," అన్నాడు.

"అన్నయ్యగారూ, మీరు చెప్పండి," అంది ఛాయాదేవి. "ఫోన్‌లో నన్ను కూర్చోబెట్టమన్నది మీరే."

రామమోహన్ పెరుగు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "ఎప్పటి సంగతో అది. ఎవరికి గుర్తుంటుంది చెల్లెమ్మా? ఇప్పుడెందుకు అవన్నీ." పెరుగు వేసుకుని, చెంచాతో మీగడ పక్కకి తీశాడు. "గారెలు భలే కుదిరాయి మీనా."

మీనా భర్త మొహం చూసి, కళ్ళు దించుకుంది.

"పోనీలేరా," అన్నాడు లక్ష్మీపతి రామమోహన్‌తో, మెత్తగా. "అలా అనుకుంటే తనకి మనశ్శాంతి అయితే అలాగే అనుకోనీ. నేనేం అనుకోను."

దేదీప్య తండ్రిని చూసింది, రామమోహన్‌ని చూసింది. చివరికి తల్లిని చూసింది. ఎవరిని నమ్మాలో ఆ చూపులో ఇంకా తేలలేదు.

కిటికీ బయట మళ్ళీ సన్నగా మంచు మొదలైంది. ఛాయాదేవి చెయ్యి తుడుచుకుని, లోపలి గదిలోకి వెళ్ళి లక్ష్మీపతి డ్రాయరు లాగింది. తన తాళంచెవి తెచ్చి కూతురి కంచం పక్కన పెట్టింది.

"రేపు స్కూలుకి దీపూ నడుపుతుంది," అంది. "పక్కన నేను కూర్చుంటాను. ఇంక మీరు దాని పక్కన కూర్చోరు."