గ్యాస్ కాదు, ఎర్తు

కారులో ఏసీ ఆగిపోతే ఈ ఊళ్లో ఎవరిని అడిగినా ఒకటే మాట: గ్యాస్ అయిపోయింది. నలభై ఏళ్లుగా వింటున్నాను, నలభై ఏళ్లుగా ఒళ్లు మండుతూనే ఉంది. వంటింట్లో గ్యాస్ అయిపోతుంది, ఎందుకంటే దాన్ని మండిస్తాం. కారు ఏసీలో గ్యాస్ మండదు, ఖర్చు కాదు. మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. ఎక్కడైనా కారితేనే తగ్గుతుంది. ఈ ముక్క చెబితే ముసలాడికి చాదస్తం అంటారు. అననీ.

నేను ఐదో తరగతి దాటలేదు. ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకున్నది ఫ్యూజు పెట్టెల మూతల మీద. హారన్‌కి ఏ అక్షరం, లైటుకి ఏ అక్షరం అని చూసుకుంటూ కూడబలుక్కున్నాను. ఎర్రగడ్డలో కార్ల కరెంటు పని చేసే నా షాపు ఇప్పటికీ ఒక బల్ల, ఒక స్టూలు, రెండు తీగల చివర కట్టిన చిన్న టెస్టు బల్బు. బండికి కంప్యూటర్ స్కానర్ తగిలించి తప్పు వెతికేవాళ్లలో ఆ బల్బును చూసి నవ్వనివాడు లేడు.

మొన్నటి ఎండాకాలం ఒక డ్రైవర్ వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఫిలింనగర్ గుట్ట మీద ఉండే ఒక నటి దగ్గర పంతొమ్మిదేళ్లుగా బండి తోలుతున్నాడు. తల్లి వేషాలు వేసే ఆవిడ. కారు పాతదే గాని పువ్వులా ఉంచాడు. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"కాకా, ఏసీ నేను బంద్ చేస్తలేను. దానంతట అదే బందైతున్నది. అమ్మ నమ్ముతలేదు."

ఆవిడ ఎందుకు నమ్మడం లేదో నాకు వెంటనే తెలిసింది. ఎత్తు ఎక్కేటప్పుడు ఏసీ ఆపితే బండి బాగా లాగుతుందని మన డ్రైవర్లందరికీ ఒక అలవాటు. అంతకు ముందున్న కారులో తనూ అలా చేసేవాడినని అతనే ఒప్పుకున్నాడు. ఇప్పుడు చేయడం లేదు, కానీ ఎవరు వింటారు? ఇంట్లోనే మేకప్ వేసుకుని బయలుదేరే మనిషి ఆవిడ. జూబ్లీహిల్స్‌లో స్టూడియోకి చేరాలంటే ఒక ఎత్తు దిగి ఇంకో ఎత్తు ఎక్కాలి. ఆ రెండో ఎత్తులో చెమట పట్టి, విగ్గు కింద నుంచి రంగు కారి, సెట్లో అందరి ముందూ మళ్లీ ముఖం కడుక్కోవలసి వచ్చిందట. ఈ వారంలో తేలకపోతే తాళాలు ఇచ్చేసి వెళ్లమంది. పని పోతుందన్న బాధ అతని గొంతులో ఉంది గాని, అబద్ధాలకోరు అని ఆవిడ అన్న మాటే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పటికే మూడు చోట్ల చూపించాడు. ఇద్దరు గ్యాస్ కొట్టారు. మూడోవాడు స్కానర్ పెట్టి, తప్పేమీ చూపించడం లేదు, పాత బండి, ఎత్తులో కంప్యూటరే ఏసీని కట్ చేస్తుంది అన్నాడు. షాపుల్లో నిలబడ్డ బండికి ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తుంది మరి.

"దిగేటప్పుడు?" అన్నాను.

"దిగంగ ఏం గాదు కాకా. ఎక్కంగనే. మీదికి పోయినంక మల్ల టక్కుమని అందుకుంటది."

ఆ 'టక్కు' విన్నాడంటే నాకు అతని మీద గౌరవం కలిగింది. ఏసీ వేయగానే, గ్యాస్‌ని తిప్పే కంప్రెసర్ ముందున్న క్లచ్‌కి కరెంటు అందుతుంది, అది అయస్కాంతమై తిరిగే చక్రాన్ని పట్టుకుంటుంది. అప్పుడు వచ్చే చప్పుడు అది. మూడు షాపుల వాళ్లు అడగలేదు, ఇతను చెబుతూనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున గుట్ట మీదికి నేనే వెళ్లాను. మొదట ఏసీ రిలే, అంటే కరెంటు వదిలే చిన్న స్విచ్చు డబ్బీ, తీసి హారన్ రిలే ఉన్నచోట పెట్టాను, అది తెచ్చి ఇక్కడ పెట్టాను. రెండూ ఒకే రకం. హారన్ మోగింది, కాబట్టి రిలే మంచిదే. తర్వాత క్లచ్‌కి కరెంటు వచ్చే తీగకు టెస్టు బల్బు ఒక కొస తగిలించి, రెండో కొస బ్యాటరీ మైనస్‌కి కలిపి, తీగ పొడుగు చేసి బల్బును కిటికీలోంచి తెచ్చి అద్దానికి వేలాడదీశాను. అప్పుడే ఆవిడ బయటికి వచ్చింది. తనూ వస్తానంది. వెనక సీట్లో కూర్చుని చూపు డ్రైవర్ చేతి మీదే పెట్టింది.

కిందికి దిగి, తిప్పి, మళ్లీ పైకి. బండరాళ్ల పక్కన మలుపు దగ్గర గాలి వేడెక్కింది. డ్రైవర్ రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. బల్బు వెలుగుతూనే ఉంది.

"చూశారా అమ్మా," అన్నాను. "ఆయన ఆపలే. కంప్యూటరూ ఆపలే. వాళ్లు ఆపితే ఈ బల్బు ఆరిపోవాలె."

ఆవిడ చూపు చేతుల మీద నుంచి బల్బు మీదికి వచ్చింది.

ఇన్నేళ్లయినా నాకు ఒళ్లు జలదరించేది ఇక్కడే. కరెంటు క్లచ్ గుమ్మం దాకా వచ్చి నిలబడి ఉంది. బలం తగ్గలేదు, బల్బే సాక్షి. కానీ లోపల అడుగు పెట్టదు. ఎందుకంటే అవతలి నుంచి తిరిగి వెళ్లే దారి లేదు. ఆ దారినే మేం ఎర్తు అంటాం. తిరుగుదారి తెగిందని అంత దూరం ముందే దానికి ఎవరు చెబుతారు? పుస్తకాల్లో సమాధానం ఉందన్నారు. నేను చదివాను కూడా. చదివాక ఇంకా ఆశ్చర్యమైంది.

ఇంటి ముందు బండి ఆపి క్లచ్ నుంచి ఎర్తు తీగ వెంట వేలు పెట్టి వెళ్లాను. హెడ్‌లైటు వెనక, బాడీకి బోల్టు వేసిన చోట, వేలికి తడి తగిలింది. వంగి చూస్తే నిమ్మకాయ. దాని కింద ఏడు పచ్చిమిరపకాయలు. ఎవరికీ కనబడకుండా లోపలికి, సరిగ్గా ఆ తీగకే కట్టి ఉన్నాయి. తీగ మొదలంతా పచ్చటి చిలుము. నిమ్మరసం రాగిని తినేయగా వెంట్రుకల్లాంటి పోగులు రెండో మూడో మిగిలాయి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను బరువుకి వెనక్కి ఒరుగుతుంది, తీగ లాగుతుంది, పోగులు విడిపోతాయి. పైకి వెళ్లాక మళ్లీ కలుస్తాయి. ఎండాకాలమంతా ఆవిడని చల్లగా ఉంచింది ఆ రెండు వెంట్రుకలే.

డ్రైవర్ ముఖం పాలిపోయింది. నా చెవి దగ్గరికి వచ్చి, చెప్పకు కాకా అన్నాడు. మొదట్లో బంపరుకి కట్టినప్పుడు ఆవిడ తీయించేసిందట. నా ముఖానికి వేషం చాలు, కారుకి కూడానా అని. అప్పటి నుంచి శనివారం శనివారం దొంగచాటుగా లోపల మారుస్తున్నాడు.

నాకు కోపం వచ్చింది. ఇంత గొప్ప చెవి ఉన్నవాడు ఇంత తెలివితక్కువ పని చేస్తాడా! నేను అబద్ధం చెప్పను. ఎర్తు తెగింది అంటే నిజమే, అక్కడితో ఆపవచ్చు కూడా. ఆపుదామనే నోరు తెరిచాను. ఈలోగా అతనే ఆ దండ ఊడదీసి, రెండు చేతులతో ఆవిడ ముందు పట్టుకున్నాడు.

"నేనే కట్టిన అమ్మా. దీనితోనే ఖరాబైందంట."

"ఎప్పటి నుంచి?"

"మీరు ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చిన కాడ్నించి."

"వద్దన్నాను కదా."

"అన్నరు. నాకే భయమైంది."

ఆవిడ చాలాసేపు ఆ మిరపకాయలనే చూసింది. తెర మీద ఆవిడ ఏడుపులు లోకమంతా చూసింది. ఇప్పుడు ముఖంలో ఏమీ కదలలేదు. నేను మాత్రం చిలుము గీకడం ఆపి, స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఇది ఎక్కడ కడితే బండి పాడవదో పెద్దాయన్ని అడుగు," అంది చివరికి. వెళ్లి వెనక సీట్లో కూర్చుంది.

రాగికి జానెడు దూరంలో, బంపరు ప్లాస్టిక్కుకి కట్టమన్నాను. తీగ కొత్తది వేసి, బోల్టు ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది బిగించాను. మళ్లీ దిగాం, మళ్లీ ఎక్కాం. బండరాళ్ల మలుపు దాటింది. చల్లగాలి ఆగలేదు. అద్దానికి బల్బు వేలాడుతూ వెలుగుతోంది. ఇల్లు వచ్చాక డ్రైవర్ బ్రేకు వేయబోయాడు.

"ఇంకోసారి ఎక్కించు," అంది ఆవిడ వెనక నుంచి.

చూడవలసింది ఏమీ మిగల్లేదు. అయినా ఎక్కాం. నేను బల్బునే చూస్తూ కూర్చున్నాను.