చాప దాటిన పాచిక

ఆదివారం మధ్యాహ్నం మా తెనాలి ఇంట్లో చాప పరిచామంటే మా ఆయన పేపరు పట్టుకుని కుర్చీలోకి వెళ్లిపోతారు. "మొదలైంది మీ గోల" అంటారు. గోలే మరి, కాదనను. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లం ఆ కథలో ఒక్కో మనిషై మాట్లాడతాం. ప్రమాదం ఎదురైతే ఇరవై ముఖాల పాచిక వేస్తాం. పెద్ద అంకె పడితే గట్టెక్కినట్టు, ఒకటి పడితే అంతే సంగతులు.

కథ నడిపేది మా మరిది. బాపట్లలో ఉద్యోగం, రోజూ రైల్లో వెళ్లి వస్తాడు. అక్కడే గది తీసుకోవాలని ఉందేమోనని నాకు ఎప్పట్నుంచో అనుమానం. నోరు విప్పి చెబితే కదా! నేను కాపురానికి వచ్చేనాటికి ఇంటర్ చదువుతున్నాడు. చొక్కా కొనాలన్నా, కాలేజీలో చేరాలన్నా అన్నయ్య వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసేవాడు. ముప్ఫై దాటినా ఆ చూపు పోలేదు. ఇలాగే ఉండిపోతాడేమోనని నాకు బెంగ కూడా.

చాప మీద కూర్చుంటే మాత్రం గొంతే మారిపోతుంది. తుపానులు లేపుతాడు, రాజుల్ని గద్దె దించేస్తాడు. రూల్స్ పుస్తకం మొదట్లోనే ఉంది, అనుమానం వస్తే కథ నడిపేవాడి మాటే చివరి మాట అని. అది చదివిన రోజు నేను పడీపడీ నవ్వాను.

ఆటలో నేను పడవ నడిపే ఆవిడను. మూడేళ్లుగా ఆవిడే. నా నోరంతా ఆవిడకిచ్చేశాను. దొంగల్ని తిట్టింది, సుంకం అడిగినవాణ్ని నీళ్లలోకి తోసింది. ఆవిడంటే నాకు ప్రాణం.

మాతో ఆడే మూడో మనిషి రేపల్లె టీచరుగారు. చర్చి అయ్యాక బండెక్కి వస్తారు. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దే చెయ్యి కదా, మా ఆటనూ వదలరు.

ఆ రోజు వరదలో నా పడవ తిరగబడింది. "వదినా, ఒకటి పడితే మనిషి పోయినట్టే" అని మరిది ముందే చెప్పాడు. కాస్త గట్టిగానే విసిరాను. పాచిక చాప దాటి, నాపరాళ్ల మీద దొర్లుకుంటూ పోయి మా ఆయన కుర్చీ దగ్గర ఆగింది. ఒకటి.

"చెల్లదు!" అని అరిచాను. "బల్ల మీంచి కింద పడితే మళ్లీ వేయాలని పుస్తకంలోనే ఉంది."

టీచరుగారు కళ్లజోడు సర్దుకున్నారు. "బల్ల ఏదండి? మనం కూర్చున్నదే కింద. ఇంకా కింద పడటమేంటి?"

నిజమే, మాకు ఏనాడూ బల్ల లేదు. ఉన్న ఒక్క డైనింగ్ టేబుల్ నిండా పచ్చడి జాడీలు, టిఫిన్ డబ్బాలు. ఆ పుస్తకం రాసినవాళ్లకు చాప సంగతి ఏం తెలుసు?

"చాపే మన బల్ల" అన్నాను.

"పోయిన నెల రేపల్లెలో మా ఇంట్లో ఆడినప్పుడు నా పాచిక గడప దాకా పోయింది. ఇరవై పడిందని చప్పట్లు కొట్టింది మీరు కాదూ?"

నాకు ఒళ్లు మండింది. అది వేరు, ఇది వేరు అన్నాను. ఎలా వేరో నాకూ తెలియదు.

పేపరు చాటు నుంచి మా ఆయన కలగజేసుకున్నారు. "ఎందుకురా ఇంత రాద్ధాంతం? మీ వదిన చెప్పినట్టు కానిచ్చెయ్."

మరిది తలెత్తాడు. ఆ పాత చూపే అన్నయ్య వైపు వెళ్లి నా వైపు తిరిగింది. నేను గుడ్లురిమాను. అతను లేచి పాచిక తెచ్చి, ఒకటి పైకి ఉండేలా చాప మధ్యలో పెట్టాడు.

"చెల్లుతుంది వదినా. గడప దగ్గర ఇరవై చెల్లినప్పుడు కుర్చీ దగ్గర ఒకటీ చెల్లాలి. ఇకముందు ఎవరికైనా ఇంతే. పడవావిడ పోయింది."

ఇన్నేళ్లలో నన్ను కాదనడం అదే మొదటిసారి. పడవావిడ కోసం నిజంగానే ఏడుపొచ్చింది. "నీ ఆట నువ్వే ఆడుకో, టీ కూడా పెట్టను!" అని విసవిసా వంటింట్లోకి వెళ్లి టీకి నీళ్లు పెట్టాను.

కాసేపటికి అతను గుమ్మంలోకి వచ్చాడు. బతిమాలడానికి వచ్చాడనుకున్నాను.

"వదినా, ఇంకో మాట. వచ్చే నెల నుంచి బాపట్లలో రూం తీసుకుంటున్నా."

అడగలేదు, చెప్పాడు. నాకు దిగులేసింది. ఆ దిగులులోనే ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"ఆదివారాలు?" అన్నాను.

"రాకుండా ఎలా? కొత్త మనిషిని తయారు చేసుకో, కథ ఆగదుగా."

"మీ అన్నయ్యకు నన్ను చెప్పమంటావా?"

"వద్దులే వదినా. నేనే చెబుతా."

టీ పళ్లెం పట్టుకుని హాల్లోకి వచ్చాను. మా ఇంట్లో మొదటి గ్లాసు ఎప్పుడూ మా ఆయనదే. పేపరు దించకుండానే చెయ్యి చాపారు. ఆ చేతిని దాటుకుని వెళ్లి మొదటి గ్లాసు మరిది ముందు పెట్టాను.

"పేపరు దించండి" అన్నాను. "మీ తమ్ముడు మీకో మాట చెబుతాడట."