బాలింత గదిలో కుంపటి

నా పెద్దబిడ్డ సిద్దిపేటలో, మా పుట్టింట్లో పుట్టింది. యుద్ధం నడుస్తున్న రోజులు. శ్రావణమాసం వచ్చిందో లేదో ముసురు పట్టుకుంది, వారం దాటినా వదలలేదు. బట్టకు అప్పుడు కంట్రోలు, సర్కారు లెక్కకట్టి ఇచ్చిందే దిక్కు. పక్కగుడ్డలు అంటే అవ్వ, మా అమ్మ, తన పాత చీరలు రెండు చింపి చేసిన పన్నెండు ముక్కలే. మా పిల్ల మాత్రం దొరల గడీలో పుట్టినట్టు గంటకో గుడ్డ తడిపేది.

వసారాలో దండెం మీద ఆరేసిన గుడ్డ రెండు రోజులైనా చెమ్మగానే ఉండి ముక్కిన వాసన కొట్టేది. తడిగుడ్డ మీద పడుకోబెడితే పిల్లకు పడిశం పడుతుందని అవ్వకు భయం. అందుకని నేను పడుకున్న గదిలోనే కుంపటిలో బొగ్గులు రాజేసి, దాని మీద సందులున్న వెదురు గంప బోర్లించి, ఆ గంప మీద గుడ్డలు పరిచేది. వానకాలంలో మా వాడకట్టులో బాలింత ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే పద్ధతి. గుడ్డలు ఆరేవి, బాలింతకు వెచ్చగా ఉండేది.

గదిని మూసెయ్యడం ఇంకో పద్ధతి. ఉన్న ఒక్క కిటికీకి అవ్వ గోనెసంచి కొట్టింది. తలుపు కింది సందులో పాత గొంగడి కుక్కింది. పైన చూరు దగ్గర వెలుతురు కనబడిన చోటల్లా గడ్డి కూరింది. నేను ఊరుకునే రకం కాదు.

"అవ్వా, నన్ను గాదెల వోసి మూతవెట్టినట్టే ఉన్నది గదనే," అన్నాను.

"నోరు మూసుకొని పండు. గాలి సోకితె తెలుస్తది నీకు," అంది.

ఆమె అంత గట్టిగా అనడానికి కారణం ఉంది. నా తర్వాత అవ్వకు ఒక కొడుకు పుట్టాడు. అదే గదిలో, అలాంటి ముసురులోనే. పదకొండో రోజు మధ్యాహ్నం నిద్రలోనే పోయాడు. జ్వరం లేదు, ఏడుపు లేదు. గాలి సోకిందని పెద్దవాళ్లు తేల్చారు. కిటికీ సరిగ్గా మూయలేదని పదమూడేళ్లుగా అవ్వ తనను తానే తిట్టుకుంటోంది. నా బిడ్డ దగ్గర మాత్రం ఒక్క సందు కూడా మిగలనియ్యకూడదని ఆమె పంతం.

మా బాపుది నేతవాళ్ల నూలుకు రంగు వేసే పని. ఇంటి వెనక ఆయన కొట్టం ఉండేది. ముసురు రోజుల్లో తడి నూలును ఆయన కూడా బొగ్గుల మీదే ఆరబెట్టేవాడు, కట్టెల పొగ తగిలితే రంగు మాసిపోతుందని. ఆ కొట్టంలో గోడ అడుగున రెండు ఇటుకలు తీసిన కంత ఒకటి, కప్పు మీద అడుగు పగలగొట్టి బోర్లించిన కుండ ఒకటి ఉండేవి. నూలు నిప్పుకు రెండు మూరల ఎత్తున వేలాడాలి. పనివాళ్లెవరూ లోపల కునుకు తీయకూడదు, తీస్తే బాపు లేపి మరీ తిట్టేవాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నా, ఆ కుండ ఎందుకని నేను ఒక్కనాడూ అడగలేదు. అదీ రంగుల పనిలో భాగమే అనుకున్నాను.

నూలు ఆరబెట్టేది మగవాళ్లు, పక్కగుడ్డలు ఆరబెట్టేది ఆడవాళ్లు. ఒకే ఇంట్లో అవే బొగ్గులు, అదే నిప్పు. ఒకరి పని గురించి ఇంకొకరు మాట్లాడింది లేదు. పైగా ఇరవై ఒక్క రోజుల పురుడు వెళ్లేదాకా మగవాళ్లు బాలింత గది గడప తొక్కరు. బాపు తన మనవరాలి ముఖం కూడా ఇంకా చూడలేదు. రోజూ తలుపు బయట నిలబడి, "పిల్ల పాలు తాగిందా బిడ్డా," అని అడిగి పోయేవాడు.

తొమ్మిదో రోజు పొద్దున్నుంచే నాకు తల బరువెక్కింది. మధ్యాహ్నానికి కణతలు పగిలిపోతున్నాయి. తిన్న నాలుగు మెతుకులూ కక్కేశాను. అవ్వ వచ్చి నుదురు ముట్టి చూసింది.

"నేజెప్పలే, గాలి సోకింది," అని కుంపటిలో ఇంకో దోసెడు బొగ్గులు పోసి, తలుపు బిగించి, సొంఠి నూరడానికి వంటింట్లోకి పోయింది.

కాసేపటికి బాపు తలుపు దగ్గరికి వచ్చి రోజూ అడిగే మాటే అడిగాడు.

"తాగుతలేదు బాపూ. పొద్దటిసంది నిద్రల్నే ఉన్నది. నాకు తలకాయ పగిలిపోతున్నది."

"కక్కినవా?"

"ఆఁ."

"లోపల నిప్పున్నదా?"

"గుడ్డలు ఆరెతందుకు అవ్వ పెట్టింది."

మళ్లీ అడగలేదు. తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. నేను పడుకున్న చాప అంచు పట్టుకుని నన్నూ పిల్లనూ కలిపి వసారాలోకి గుంజాడు. మళ్లీ లోపలికి పోయి గంపను తన్ని, కుంపటి తెచ్చి వాకిట్లో వానలో పెట్టాడు. కిటికీకి కొట్టిన గోనెసంచి పీకేశాడు. వానజల్లు నా ముఖాన కొడుతోంది. పిల్ల చేతులు రెండూ వేలాడుతున్నాయి. అరికాలు గిల్లాను, కదల్లేదు. అంత భయం నేను జన్మలో పడలేదు. ఇంకోసారి గిల్లాను, ఈసారి కసిగా. అప్పుడు మూలిగింది, దగ్గింది, ఆ తర్వాత గుక్కపట్టి ఏడ్చింది.

అవ్వ సొంఠి చేత్తోనే పరిగెత్తుకొచ్చింది. "పసిపిల్లను గాలిల పెడ్తవా? నీకేమన్న తెలివున్నదా?" అని బాపు మీద పడింది.

"గాలి లేకనే గిట్లయింది," అన్నాడు బాపు. "బొగ్గుల మీద పొగ కనవడది గని ఇసం లేస్తది. పని నేర్శిన కొత్తల కొట్టంల నేనే పడిపోయిన. ముందుగాల తల నొస్తది, ఎన్క కక్కుడు, ఎన్క నిద్ర. గా నిద్రల పడ్డోడు లేవడు."

చెప్పి ఊరుకోలేదు. ఆ వానలోనే కప్పెక్కి నాలుగు పెంకులు తీసి, అక్కడ అడుగు లేని కుండ బోర్లించాడు. కింది నుంచి గాలి వచ్చి లోపలి విషం పైకి పోయేటట్టు గోడ అడుగున ఇటుకలు ఊడదీశాడు. ఇకమీదట కుంపటి వసారాలోనే ఉండాలి, గుడ్డలు ఆరినాకే లోపలికి రావాలి అన్నాడు.

అవ్వ పిల్లను ఒళ్లో పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. బాపు కప్పు దిగి చేతులు కడుక్కుంటుంటే అడిగింది.

"గా పిలగాడు గూడ గిట్లనే పోయిండా?"

బాపు చెంబు కింద పెట్టాడు.

"గప్పుడు గూడ కుంపటి నేనే పెట్టిన," అంది అవ్వ. "నీకు గింత ఎరుక ఉండె. ఎందుకు చెప్పలే?"

"నేను గడప దాటి లోపలికి రాలే గద," అన్నాడు బాపు. "లోపల ఏమున్నదో అడగలే."

అవ్వ తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. ఆమె లేచి వచ్చి పిల్లను ఆయన తడి చేతుల్లో పెట్టింది. పురుడు వెళ్లడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి.