అందరికీ పది, సునీతకి తొమ్మిది

సాంకేతిక విద్య మీద మీకున్న గౌరవానికి ఈ సాయంత్రం భంగం కలిగించబోతున్నందుకు, పాఠక మహాశయులారా, సాష్టాంగపడి క్షమాపణ కోరుతున్నాను.

ఏలూరులో మా కాలేజీ డిజిటల్ డిజైన్ ల్యాబ్ చూసే లెక్చరర్ని నేనే. ఈ రోజు ప్రాక్టికల్ పరీక్ష. పది అంకెలు లెక్కపెట్టి మళ్లీ సున్నాకి వచ్చే కౌంటర్ చెయ్యాలి. సున్నాతో మొదలవుతుంది కాబట్టి తొమ్మిది దగ్గరే వెనక్కి తిరగాలి. పిల్లలంతా ఎప్పటిదో ఒక సీనియర్ ల్యాబ్ రికార్డు పుస్తకం బట్టీపట్టి, అందులో ఉన్నట్టే పది దాకా గ్రాఫు గీసేశారు. కలిదిండి నుంచి బస్సులో వచ్చే సునీత ఒక్కతే కంప్యూటర్‌లో నిజంగా నడిపి చూసి తొమ్మిది దగ్గర ఆపింది. ఈ ల్యాబ్ పరీక్ష తప్పితే వచ్చే వారం ఉద్యోగం ఇంటర్వ్యూకి ఆమెని కూర్చోనివ్వరు.

బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు గారికి తాడేపల్లిగూడెం పాసింజరు టైమైపోతోంది.

"అందరికీ పది వచ్చిందమ్మా. నీకేంటి తొమ్మిది?"

"సున్నాని కూడా లెక్కేసుకోవాలి కదండీ. తొమ్మిదికే పది అంకెలైపోతాయండీ."

"అంటే క్లాసంతా తప్పు, నువ్వొక్కదానివే రైటా? ఏవండీ మాస్టారూ, మీరేమంటారు?"

సునీత నా వైపు చూసింది. నేను సీలింగ్ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాను. మూడే ఉన్నాయి. ఆయన ఫెయిల్ వేశారు, కింద నేనూ సంతకం పెట్టాను.

రేపు ఆ అమ్మాయి ఎదురుపడితే ఏం మాట్లాడాలో తెలిసినవాళ్లు కాస్త రాసి పుణ్యం కట్టుకోండి.

రాసేముందు ఒక్క సంగతి. ఆ పాత రికార్డు నాది. ఇదే కాలేజీలో చదువుకునే రోజుల్లో కరెంటు పోతే, నడిపి చూడకుండా పది దాకా గీసేసింది నేనే.